థీసిస్‌తో పాటే చచ్చిపోతున్న మౌస్ లైన్లు



పోయిన నెల మన హైదరాబాదులోనే ఒక యానిమల్ హౌస్‌లో ఒక మౌస్ లైన్‌ను, అంటే జన్యువులు మార్చి పెంచిన ఎలుకల వంశాన్ని, మొత్తంగా చంపేశారు. రోగం రాలేదు. ప్రాజెక్టు ముగిసింది, కేజ్ చార్జీలు కట్టే దిక్కు లేదు, పెంచిన అమ్మాయి పోస్ట్‌డాక్‌కు వెళ్లిపోయింది. ఒక్క స్ట్రా వీర్యమైనా ద్రవ నత్రజనిలో దాచలేదు.

ఆ ఎలుకలు ఎందుకో పరిశోధకులైన మీకు తెలుసు. ఈ కాగితం బయటివాళ్ల చేతికీ వెళ్తుంది కనుక రెండు మాటలు. బతికున్న జంతువు ఒంట్లో ఏ కణం ఏ కణాన్ని తాకిందో చెప్పే ఎలుకలు అవి. పద్ధతి పేరు లిప్‌స్టిక్ (నవ్వకండి), 2018లో రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. ఒక కణం మీద బాక్టీరియా నుంచి తెచ్చిన సార్టేజ్ ఎంజైము, ఇంకో కణం మీద అయిదు గ్లైసీన్ల ముక్క ఉండేలా జన్యువుల్లోనే ఏర్పాటు చేస్తారు. రెండూ ఆనుకుంటేనే గుర్తు అంటుతుంది. ఇది మనకెందుకంటారా? ప్రపంచ క్షయ రోగుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. ఊపిరితిత్తిలో రోగనిరోధక టి-కణం ఎవరిని తాకుతోందో మనం చూడకపోతే ఎవరు చూస్తారు?

ఇలాంటి లైన్ కట్టడం ఎంత పనో చేసినవాళ్లకే తెలుసు. రెండు మార్పులూ ఒక్కో ప్రతి ఉన్న జంటకు పుట్టిన 16 పిల్లల్లో సగటున ఒక్కదానికే రెండు మార్పులూ రెండేసి ప్రతుల్లో వస్తాయి. మూడు వారాల గర్భం, ఆరేడు వారాల ఎదుగుదల, ప్రతి ఈతకూ జీనోటైపింగ్, మళ్లీ క్రాస్. ఇదంతా అయ్యాక థీసిస్ వస్తుంది, ఎలుకలు పోతాయి. మరుసటి ఏడు పక్క ల్యాబు అదే లైన్‌కు మళ్లీ ఆర్డరు, మళ్లీ అనుమతులు, మళ్లీ క్వారంటైన్!

దీన్ని నిర్లక్ష్యం అంటే మర్యాదగా అన్నట్టే. ఇది ప్రజల సొమ్ము తగలెయ్యడం. మిగతావాళ్లు ఏం చేశారో చూడండి. కోరిన కణాల్లోనే జన్యువును మార్చే క్రి-లాక్స్ పద్ధతి పేటెంటు అప్పట్లో చేతిలో ఉన్న డ్యూపాంట్ కంపెనీ ఆ ఎలుకల పంపిణీకి షరతులు పెడితే అమెరికా శాస్త్రవేత్తలు ఊరుకోలేదు. 1998లో అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్‌ఐహెచ్ ఆ కంపెనీతో ఒప్పందం చేసుకుని దారి తెరిపించింది. జపాన్ 2001లో సుకుబాలో రైకెన్ జీవ వనరుల కేంద్రం పెట్టుకుంది. ఈగల మీద పనిచేసేవాళ్లు జన్యుశాస్త్రవేత్త మోర్గాన్ కాలం నుంచీ స్టాకులు పంచుకుంటూనే ఉన్నారు. అంతదూరం ఎందుకు, పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో లక్షకు పైగా విత్తన నమూనాలు చల్లగా, భద్రంగా ఉన్నాయి. జొన్నగింజకు దక్కిన శ్రద్ధ ఈ ఎలుకకు దక్కదా?

జన్యువులను మార్చే క్రిస్పర్ ఉందిగా, మళ్లీ చేసుకోవచ్చంటారు కొందరు. చేసుకోండి, ఏ పిల్లలో సరిగా కుదిరిందో తేలేసరికి ఫెలోషిప్పు అయిపోతుంది. డబ్బు లేదంటారా? ఒకే లైన్‌ను రెండుసార్లు తెప్పించడానికి ఉంది కదా!

ప్రభుత్వ గ్రాంటుతో వచ్చిన ప్రతి లైన్ వీర్యాన్నో పిండాలనో ప్రజా బ్యాంకులో దాచాకే చివరి వాయిదా విడుదల చేయాలి. ఆ షరతును నిధులిచ్చే డీబీటీ, ఐసీఎంఆర్ తమ మంజూరు ఉత్తర్వులోనే రాయాలి. అడిగిన ప్రతి ల్యాబుకూ ఖర్చు మేరకే పంపాలి.

మీ ల్యాబులో మూతకు సిద్ధంగా ఉన్న లైన్ల జాబితా రాయండి. ఈ వారమే మీ సంస్థ జంతు నైతిక సంఘానికి ఇచ్చి, దాచేదాకా చంపవద్దని రాతపూర్వకంగా అడగండి.