అవ్వకు ముందు కావలసినది కళ్లద్దాలు



మా సంఘములో డెబ్బది రెండేళ్ల అవ్వ ఒకామె ఉన్నది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో సగము ఆమెకు కంఠతా వచ్చును. పుస్తకము మాత్రము తలక్రిందులుగా పట్టుకొన్నా ఆమెకు తెలియదు. క్రిందటి ఏడు బ్యాంకులో వేలిముద్ర వేసి, సిరా కొంగుకు తుడుచుకొంటూ, "అయ్యగారూ, నేను పోయేలోగా నా పేరు నేను రాసుకోగలనా?" అని అడిగినది. "ఈ వయసులో ఎందుకమ్మా, పాటలన్నీ నోటికి వచ్చును గదా" అని నవ్వి ఊరుకొన్నాము. అది మా తప్పు.

ఆ మాట ఆమె వినుట మొదటిసారి కాదట. 1990–91లో మా నెల్లూరు జిల్లాలో ఊరూరా రాత్రిబడులు పెట్టిరి. ఆ రోజులలో అక్షరాస్యత ఉద్యమము ముఖ్యముగా ముప్పది అయిదేళ్ల లోపువారి మీదనే దృష్టి పెట్టినది. అప్పటికి ఈమెకు ముప్పది ఏడు. "నీకు వయసు దాటిందన్నారు, ఇంటికి వచ్చేశాను" అన్నది. ఆ బడులలో చదువు నేర్చిన దూబగుంట స్త్రీలే సారా కొట్టు మూయించిరి. ఆ పోరాటము రాష్ట్రమంతా ప్రాకి, 1993 అక్టోబరులో సారా నిషేధము వచ్చినది. రెండేళ్లు పెద్దదగుట చేత ఈమె గుమ్మము బయటనే నిలిచిపోయినది.

కేరళలో కార్త్యాయని అమ్మ అనే ఆమె 2018లో, తొంబది ఆరేళ్ల వయసున అక్షరాస్యత పరీక్ష వ్రాసి నూటికి 98 మార్కులు తెచ్చుకొన్నది. ఈ సంగతి అవ్వకు చెప్పగా, "ఆమెకు కళ్లు బాగున్నాయేమో" అన్నది. అప్పుడు గాని మాకు తట్టలేదు. నలుబది దాటిన వారికి చత్వారము వచ్చును, దగ్గరి అక్షరము అలుక్కుపోవును. మనమేమో మతిలేక రాలేదందుము! కంటి శిబిరములో అద్దాలు ఇప్పించినాము.

తొమ్మిదవ తరగతి చదివే మనుమరాలు పలక పట్టినది. మొదట అ, ఆలు దిద్దించగా అవ్వకు విసుగు పుట్టినది. తరువాత నోటికి వచ్చిన కీర్తననే పెద్ద అక్షరాలతో వ్రాసి, మాట మాట క్రింద వేలు పెట్టించినాము. మాట ముందే తెలియును గనుక అక్షరము త్వరగా పట్టుబడినది. ఒత్తులు మాత్రము ఇంకను ఏడిపించుచున్నవి.

మీ ఊరిలోను ఇట్టివారుందురు. 2022లో కేంద్ర ప్రభుత్వము ఆరంభించి, ఉల్లాస్ అని పిలుచుచున్న వయోజన విద్యా పథకములో పదునైదేళ్లు నిండిన ఎవరైనను చేరవచ్చును, పై వయసు హద్దు లేదు. బోధించువారు స్వచ్ఛందముగా వచ్చువారే గనుక మన యౌవనస్థులకును పని ఉన్నది. మండల విద్యాధికారి కార్యాలయములో విచారించండి. చదువు మధ్యలో మానిన పెద్దలు ఓపెన్ స్కూలు ద్వారా పదవ తరగతి వ్రాయవచ్చును.

మొన్న ఆదివారము అవ్వ తన పేరు వ్రాసి చూపినది. ఒక తలకట్టు తప్పినది, మేము చెప్పలేదు. మనుమరాలే చెప్పి దిద్దించినది. ఇప్పుడు ఆమెకు ఒకటే దిగులు, వేలిముద్ర తీసి సంతకము పెడతానంటే బ్యాంకువారు ఒప్పుకొందురా అని. మంగళవారము ఆమెతో కలిసి వెళ్లుచున్నాము.