సంప్రదాయం ఎవరిది, అవమానం ఎవరికి?

1989లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో చార్లీన్ టీటర్స్ అనే విద్యార్థిని తన ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని బాస్కెట్‌బాల్ ఆట చూడ్డానికి వెళ్లింది. ఆమె స్పొకాన్ తెగకు చెందిన ఆదివాసీ స్త్రీ. విరామ సమయంలో ఈకల తలపాగాతో ఆదివాసీ నాయకుడి వేషం కట్టిన ఒక విద్యార్థి వచ్చి గంతులు వేశాడు. జనం లేచి జేజేలు కొట్టారు. ఆమె కూతురు సిగ్గుతో కుర్చీలో ముడుచుకుపోయింది. ఆ తర్వాత ఆ తల్లి ఒక అట్టముక్క పట్టుకుని ఆటస్థలం బయట ఒంటరిగా నిలబడింది. మేమూ మనుషులమే, మీ ఆటబొమ్మలం కాదు అన్నదే ఆమె చెప్పదలచుకున్న మాట. దానికి ఆమెకు దక్కినవి తిట్లు, బెదిరింపులు.

'చీఫ్ ఇల్లినివెక్' అనే ఆ వేషం 1926లో మొదలైంది. ఇల్లినాయ్ తెగల వారసులైన పియోరియా ప్రజల్ని 19వ శతాబ్దంలోనే ఆ నేల నుంచి కాన్సాస్‌కూ, అక్కడి నుంచి ఒక్లహామాకూ తరిమేశారు. వాళ్లు వెళ్లిపోయిన చోట వాళ్ల పేరుతో వేషం మిగిలింది. ఆ దుస్తులైనా వాళ్లవి కావు, లకోటా తెగవి. 2000లో పియోరియా తెగ మండలి ఈ వేషాన్ని ఆపమని తీర్మానం చేసింది. అయినా 'మేము మిమ్మల్ని గౌరవిస్తున్నాం' అనే జవాబే వచ్చింది. గౌరవం అందుకునేవాళ్లు వద్దంటున్నా బలవంతాన ఇచ్చేది గౌరవమెలా అవుతుంది?

అందరికన్నా గట్టిగా అడ్డుపడింది పూర్వ విద్యార్థులు. విరాళాలు ఆపేస్తామని బెదిరించినవాళ్లున్నారు. వాళ్ల బాధంతా నటన అనలేం. వాళ్ల యవ్వనపు జ్ఞాపకాలు ఆ వేషంతో ముడిపడి ఉన్నాయి. కానీ ఒకరి తీపి జ్ఞాపకానికి మరొకరి బిడ్డ ప్రతి ఆటలోనూ తల వంచుకోవాలా? డబ్బిచ్చే చేతికున్న గొంతు ఆ బిడ్డకు ఉందా?

సంప్రదాయాన్ని మార్చకూడదన్నవాళ్లు ఒక సంగతి మరిచిపోయారు. 1943లో, యుద్ధకాలంలో, ఐడెల్ స్టిత్ అనే విద్యార్థిని 'ప్రిన్సెస్ ఇల్లినివెక్'గా ఆ వేషం కట్టింది. అంటే అవసరమైతే సంప్రదాయం మారుతుంది. యుద్ధం అయ్యాక వేషం మళ్లీ మగవాళ్ల చేతికి వెళ్లింది. అయితే ఆ వేషంలో ఆడపిల్లకూ వాటా కావాలని అడగడం మన సమానత్వం కాదు. మరొకరిని అవమానించే హక్కులో సగం మనకు అక్కర్లేదు.

చివరికి వేషం ఆగింది విశ్వవిద్యాలయానికి మనసు కరిగి కాదు. 2005లో జాతీయ కళాశాలల క్రీడాసంఘం, ఇలాంటి చిహ్నాలున్న సంస్థలు సీజన్ చివరి పోటీలకు ఆతిథ్యమివ్వకుండా నిబంధన తెచ్చింది. 2007 ఫిబ్రవరి 21న చివరి నాట్యం జరిగింది. ఒక తల్లి నిలబడినప్పటి నుంచి పద్దెనిమిదేళ్లు పట్టింది.

ఈ కథ మనకు కొత్త కాదు. జోగిని ఆచారాన్ని ప్రశ్నించినప్పుడు 'తరతరాల ఆచారం', 'దేవుడి భార్య' అన్న మాటలు మనమూ విన్నాం. ఆ దురాచారపు క్రౌర్యాన్ని ఒక ఆటస్థలం వేషంతో సమానం చేయలేం. కానీ వాదన ఒక్కటే: బాధ పడేవాళ్లను పక్కకు నెట్టి, బాధ పెట్టేవాళ్లే గౌరవమంటే ఏమిటో నిర్ణయించడం. 1988లో ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది. చట్టంతో అంతా అయిపోలేదనీ, చట్టం లేకుండా ఏదీ మొదలుకాదనీ పల్లెల్లో పనిచేసే మన కార్యకర్తలకు తెలుసు.

అందుకే సంప్రదాయం అన్న మాట ఎదురైనప్పుడు మనం రెండు ప్రశ్నలు వేయాలి. దీనివల్ల తల ఎత్తుకుంటున్నది ఎవరు? తల వంచుకుంటున్నది ఎవరు? రెండో ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది తల వంచుకున్నవాళ్లే. వాళ్లు ఒక్కరే అయినా, చేతిలో ఉన్నది అట్టముక్కే అయినా, ఆ పక్కన నిలబడడం మన పని.