నడిచి వచ్చిన పెద్దవాళ్లను నడిపించుకుంటూనే ఇంటికి తీసుకెళ్దాం!

మైత్రీవనం, అమీర్‌పేట, పంజాగుట్ట వాసులకు, హాస్టల్ విద్యార్థులకు, ఆసుపత్రుల్లో పేషెంట్ల వెంట ఉన్నవారికి విజ్ఞప్తి



మన మైత్రీవనం దగ్గర రోజూ రెండు రకాల జనం దిగుతారు. జావా, పైథాన్, డేటా సైన్స్ కోర్సులంటూ భుజాన బ్యాగులతో వచ్చే పిల్లలు ఒక రకం. ఎక్స్‌రే కవర్లు, రిపోర్టుల ఫైళ్లు సంకన పెట్టుకుని పంజాగుట్ట దారి అడిగే పెద్దలు మరో రకం. అమీర్‌పేట తర్వాతి మెట్రో స్టేషన్ పంజాగుట్టే. అక్కడ నిమ్స్ ఆసుపత్రి ఉంది. చుట్టూ ప్రైవేటు ఆసుపత్రులు, డయాగ్నొస్టిక్ సెంటర్లు ఉన్నాయి. నల్లగొండ నుంచో, ఖమ్మం నుంచో, కర్నూలు నుంచో తాతను తెచ్చి అడ్మిట్ చేస్తే, బెడ్ పక్కన స్టూలు మీద రాత్రుళ్లు కూర్చునేది చాలాసార్లు ఇక్కడి హాస్టల్లో ఉండే మనవడే, మనవరాలే. అందుకే ఈ కాగితం మీ చేతుల్లో పెడుతున్నాం.

చెప్పేది ఒక్కటే. ఆసుపత్రిలో న్యుమోనియా తగ్గుతుంది, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ తగ్గుతుంది, గుండె కుదుటపడుతుంది. కానీ ఆటో దిగి తన కాళ్ల మీద లోపలికి వచ్చిన మనిషిని పది రోజుల తర్వాత వీల్‌చెయిర్‌లో బయటికి తెస్తాం. బాత్రూంకి పోవాలంటే ఇద్దరు పట్టుకోవాలి. "వయసైపోయింది కదా, ఏం చేస్తాం" అనుకుని బిల్లు కట్టి వెళ్లిపోతాం. ఆ పది రోజుల్లో ఆయనకు పెరిగిన వయసు పది రోజులే! కాళ్లను తినేసింది మంచం.

పది రోజుల్లో ఏం పోతుంది?

వయసుతో పాటు కండ తగ్గడం అందరికీ ఉన్నదే. నడివయసు నుంచి మెల్లగా తగ్గుతుంది, 60 దాటాక జోరందుకుంటుంది. దీన్నే డాక్టర్లు సార్కోపీనియా అంటారు. ఏళ్ల తరబడి జరగాల్సిన ఈ నష్టం ఆసుపత్రి మంచం మీద రోజుల్లో జరిగిపోతుంది.

అమెరికాలో పరిశోధకులు ఏ జబ్బూ లేని పెద్దవాళ్లను, సగటున 67 ఏళ్లవాళ్లను, పది రోజులు మంచం మీదే ఉంచి చూశారు. ఒక్కొక్కరి కాళ్ల నుంచే సగటున దాదాపు కిలో కండ పోయింది. 2007లో ప్రచురించిన ఫలితం ఇది. వాళ్లు ఆరోగ్యంగా ఉన్నవాళ్లు, వేళకు తిన్నవాళ్లు. మన తాతకు జ్వరం ఉంటుంది, ఆకలి ఉండదు. ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే శరీరం కావాల్సిన ప్రోటీన్‌ను కండ కరిగించి తీసుకుంటుంది. దానికి తోడు స్కానింగ్ కోసం ఒక పూట, ఎండోస్కోపీ కోసం ఇంకో పూట కడుపు మాడుతుంది. 70 దాటి ఆసుపత్రిలో చేరినవాళ్లలో దాదాపు మూడోవంతు మంది, జబ్బుకు ముందు సొంతంగా చేసుకున్న స్నానం, బట్టలు వేసుకోవడం, మంచం దిగడం వంటి పనుల్లో ఏదో ఒకటి పోగొట్టుకుని ఇంటికి వెళ్తున్నారని 2011లో అమెరికా వైద్య సంఘం పత్రిక రాసింది.

ప్రేమతోనే పడుకోబెడుతున్నాం

ఏ వార్డులోకైనా ఒకసారి తొంగిచూడండి. మంచం అంచున మూత్రం సంచి వేలాడుతుంటుంది, పక్కన సెలైన్ స్టాండు. పెద్దాయన మోచేతి మీద లేవబోతే కొడుకు పరుగెత్తుకొచ్చి భుజాలు పట్టి, "లేవకు నాన్నా, ఏం కావాలో చెప్పు, నేనిస్తా" అని మళ్లీ పడుకోబెడతాడు. చెప్పులు మంచం కింద మూలకు పోయి ఉంటాయి. కళ్లజోడు బ్యాగులో ఉంటుంది. కట్టుడు పళ్లు ఊళ్లోనే మర్చిపోయి వచ్చారు. పళ్లు లేవు కాబట్టి జావ. జావ తాగారు కాబట్టి అన్నం వద్దు. చూడవచ్చిన ప్రతి చుట్టం చేతిలో బ్రెడ్డు ప్యాకెట్, కొబ్బరి బోండాం. "జబ్బు మనిషికి పప్పు అరగదు, గుడ్డు వేడి, పెరుగు జలుబు" అని ఒక్కో పెద్దమ్మ ఒక్కోటి మాన్పిస్తుంది. ఆ మిగిలినదాంట్లో కండకు పనికొచ్చే తిండి ఏముంది? కొబ్బరినీళ్లు ఎన్ని తాగినా అందులో ప్రోటీన్ దాదాపు సున్నా.

మరి రోజుకు ఎంత ప్రోటీన్ కావాలి? తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దలకే కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. జబ్బుపడ్డ వృద్ధులకు 1.2 నుంచి 1.5 గ్రాములు ఇవ్వాలన్నది అంతర్జాతీయ నిపుణుల మాట. అంటే 50 కిలోల మనిషికి 60 నుంచి 75 గ్రాములు. గుడ్డులో 6, గ్లాసు పాలలో 6, గుప్పెడు వేరుశనగల్లో 7, కప్పు ముద్దపప్పులో 6 గ్రాముల వరకు ఉంటాయి. ఈ లెక్కన బ్రెడ్డు, జావలతో రోజు గడిపితే ఎక్కడ చాలుతుంది?

ఈ రోజు నుంచే మొదలుపెట్టండి

1. పొద్దున రౌండ్స్‌లో డాక్టరును ముందుగా ఇదే అడగండి: "మా నాన్నను కూర్చోబెట్టొచ్చా? నిలబెట్టొచ్చా? నడిపించొచ్చా?" వద్దంటే ఎందుకు వద్దో, ఎప్పటి నుంచి చేయొచ్చో అడగండి. తుంటి ఎముకకు ఆపరేషన్ అయినవాళ్లను కూడా, ఇబ్బంది లేకపోతే, మర్నాడే లేపాలంటాయి వైద్య మార్గదర్శకాలు.

2. సరేనంటే ప్రతి పూటా మంచం దింపి కుర్చీలో కూర్చోబెట్టి తినిపించండి. బెడ్‌పాన్ బదులు పట్టుకుని బాత్రూందాకా తీసుకెళ్లండి. సెలైన్ స్టాండుకు చక్రాలుంటే అదీ వెంట వస్తుంది.

3. మూత్రం గొట్టం, సెలైన్ ఇంకా అవసరమా అని రోజూ అడగండి. అక్కర్లేని గొట్టం మనిషిని మంచానికి కట్టేసినట్టే.

4. కళ్లజోడు, కట్టుడు పళ్లు, చెవి మిషన్, జారని చెప్పులు, చేతికర్ర ఊరి నుంచి వెంటనే తెప్పించండి.

5. చుట్టాలకు ఫోన్ చేసి చెప్పండి: బ్రెడ్డు వద్దు, ఉడికించిన గుడ్లు, పాలు, పెరుగు తెమ్మని. కర్రీ పాయింట్‌లో పప్పు ప్యాకెట్ దొరుకుతుంది, మెత్తగా కలిపి పెట్టండి. బయటి తిండి పెట్టొచ్చో లేదో నర్సును అడగండి.

జాగ్రత్త! కొత్తగా గుండెపోటు, పక్షవాతం వచ్చినా, ఎముక విరిగినా, బీపీ పడిపోతున్నా డాక్టరు చెప్పకుండా లేపకండి. మొదటిసారి లేపేటప్పుడు నర్సో ఫిజియోథెరపిస్టో పక్కన ఉండాలి. లేవగానే నడిపించకుండా రెండు నిమిషాలు మంచం అంచున కూర్చోబెట్టండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ప్రోటీన్ ఎంత పెట్టాలో డాక్టరే చెప్పాలి.

ఇంట్లో ఉన్నవాళ్లనూ చూసుకోండి

ఆసుపత్రికి వెళ్లకముందే కండ ఉన్నవాళ్లు అక్కడ తట్టుకుంటారు. ఈ ఆదివారం అమ్మను చేతులు కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమనండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టండి. 12 సెకన్లు, అంతకు మించి పడితే జాగ్రత్త పడాలి. టైలరు టేపుతో పిక్క లావు కొలవండి. మగవాళ్లకు 34 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 33 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే డాక్టరుకు చూపించండి. ఆసియా దేశాల నిపుణులు 2019లో పెట్టిన కొలతలివి.

ఆసుపత్రులను, ప్రభుత్వాన్ని అడుగుతున్నాం

ఇది ఏ ఒక్క ఆసుపత్రి మీదా ఫిర్యాదు కాదు. డిశ్చార్జి సమ్మరీలో షుగర్ ఉంటుంది, బీపీ ఉంటుంది, క్రియాటినిన్ ఉంటుంది. ఆ మనిషి చేరినప్పుడు ఎన్ని అడుగులు వేశాడో, వెళ్లేటప్పుడు ఎన్ని వేస్తున్నాడో ఎక్కడా ఉండదు. రాయనిదాన్ని ఎవరు పట్టించుకుంటారు? అందుకే:

• 60 దాటిన ప్రతి పేషెంటు నడకను చేరిన రోజున, వెళ్లే రోజున కేస్ షీట్‌లో రాయాలి.
• ప్రతి వార్డులో ఫిజియోథెరపిస్టు, ప్రతి బెడ్ పక్కన చేతులున్న కుర్చీ, బాత్రూం దారిలో పట్టుకునే రాడ్డు ఉండాలి.
• పెద్దవాళ్ల భోజనంలో పూటపూటా గుడ్డో, పప్పో, పాలో ఉండాలి. పరీక్ష కోసం పస్తు ఉంచితే, అది అయిపోగానే తిండి పెట్టాలి.
• జిల్లా ఆసుపత్రుల్లో వృద్ధులకు 10 పడకల వార్డు, ఫిజియోథెరపీ అని 2010-11లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమం చెప్పింది. అవి ప్రతి జిల్లాలో నిజంగా పనిచేయాలి. అప్పుడు ప్రతి పెద్దమనిషినీ బస్సెక్కించి పంజాగుట్ట దాకా తేవాల్సిన పని ఉండదు.

ఇవి గొంతెమ్మ కోరికలు కావు. స్పెయిన్‌లోని పాంప్లోనాలో 75 దాటిన 370 మంది రోగులతో ఒక ప్రయోగం చేశారు. సగం మందికి మామూలు వైద్యం. మిగతా సగం మందికి దాంతోపాటు రోజుకు రెండుసార్లు, 20 నిమిషాల చొప్పున వ్యాయామం. వారం లోపే తేడా కనబడింది. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లు రోజువారీ పనుల్లో వెనకబడితే, వ్యాయామం చేసినవాళ్లు తమ శక్తిని నిలబెట్టుకున్నారు. ఫలితాలు 2019లో వచ్చాయి. 2018లో ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో నర్సులే ముందుండి 70 రోజుల పాటు పేషెంట్లను లేపి, సొంత బట్టలు తొడిగి, నడిపించే ఉద్యమం చేశారు. దానికి పెద్ద మిషన్లేమీ అక్కర్లేకపోయింది.

మైత్రీవనం తమ్ముళ్లూ, చెల్లెళ్లూ!

డాక్టరు మాట ఇంగ్లిషులో ఉంటే మీకు అర్థమవుతుంది. కేస్ షీట్ చదవగలరు, రౌండ్స్‌లో గట్టిగా అడగగలరు. మీ వాళ్లెవరైనా ఈ చుట్టుపక్కల అడ్మిట్ అయితే క్లాసు అయ్యాక ఓ గంట వెళ్లండి. ఫోన్ జేబులో పెట్టి, డాక్టరు సరేనంటే చెయ్యిచ్చి వరండా చివరిదాకా నడిపించండి. పక్క బెడ్ మీద ఒంటరిగా ఉన్న అవ్వను కూడా పలకరించండి. డిశ్చార్జి రోజు సమ్మరీ చేతికి రాగానే "నడక ఎలా ఉందో రాయండి" అని అడగండి. పది మంది అడిగితే ఆసుపత్రి రాస్తుంది, వంద మంది అడిగితే ప్రభుత్వం వింటుంది.

వృద్ధులకు ఏ సాయం కావాలన్నా ఎల్డర్‌లైన్ నంబరు 14567. ఉచితం.

ఈ కాగితం చదివి పడేయకండి. వార్డులో పక్క బెడ్ వాళ్లకివ్వండి. చదువు రానివాళ్లకు చదివి వినిపించండి.

ఇట్లు,
పేషెంట్ల వెంట ఉండి ఇదంతా చూసిన అమీర్‌పేట, పంజాగుట్ట వాసులు