ముదురు గ్రే మోజు మనకెందుకు?



కొత్త ఫ్లాట్లకు అందరం కలిసి ఒకే కాంట్రాక్టర్‌తో రంగులు వేయిద్దాం, అన్ని గదులకూ ముదురు గ్రే, రేటు తగ్గుతుంది అనే మాట గ్రూపులో నడుస్తోంది. లేత గ్రే అడిగినవాళ్ళను "అది దవాఖాన రంగు" అని ఎగతాళి చేస్తున్నారు. కలిసి వేయించడం మంచిదే. ముదురు గ్రేకు మాత్రం నేను ఒప్పుకోను. ఎందుకో చెప్తా, కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదవండి.

మన వర్లీ, నాయిగాం బీడీడీ చాళ్ళు 1920లలో కట్టినవి. ఒక్కో ఖోలీ 160 చదరపు అడుగులు. పట్టపగలు లైటు వేసుకుని అందులోనే తరాలు గడిపాం. ఇప్పుడు 500 చదరపు అడుగుల ఫ్లాటు వస్తోంది. ఇన్నేళ్ళకు దొరికిన వెలుతురును మన డబ్బులతో మనమే గోడలకు మింగిస్తామా?

ఊరికే అనడం లేదు. పెయింటు కంపెనీలు షేడ్‌లకు ఎల్ఆర్‌వీ అనే అంకె ఇస్తాయి. గోడ మీద పడ్డ వెలుతురులో ఎంత తిరిగి గదిలోకి వస్తుందో అది చెబుతుంది. నలుపు సున్నాకు దగ్గర, తెలుపు 100కు దగ్గర. లేత గ్రే మామూలుగా 60 చుట్టుపక్కల ఉంటుంది. బొగ్గులాంటి ముదురు గ్రే 10, 15 దగ్గరే ఆగిపోతుంది. కిటికీకి ఎదురుగా ఇంకో టవర్ ఉన్న కింది అంతస్తుల్లో సాయంత్రం కాకముందే లైట్లు వేయాల్సిందే. లైటు బిల్లు ఎవరు కడతారు? వయసు మీదపడ్డ కంటికి మనకంటే ఎక్కువ వెలుతురు కావాలి. బాపు మందు చీటీ ఎక్కడ కూర్చుని చదువుకోవాలి?

"ముదురు రంగు మీద మురికి కనబడదు" అంటున్నారు. చేతి మరకల వరకు నిజమే. కానీ ముంబై వానలకు గోడ చెమ్మెక్కితే ఉప్పు తెల్లగా పొంగుతుంది. అది ముదురు గోడ మీదే కొట్టొచ్చినట్టు కనబడుతుంది. దుమ్ము, కుర్చీ గీతలు కూడా అంతే. రేపు మనసు మారి లేత రంగు వేయాలంటే ప్రైమర్, అదనపు కోట్లు, అదనపు కూలీ. లేత గోడను ముదురు చేయడానికి అంత తిప్పలు ఉండదు.

అయితే ఏ లేత గ్రే పడితే అది పనికిరాదు. గ్రేలో నీలం ఛాయ, ఆకుపచ్చ ఛాయ, గోధుమ ఛాయ ఉంటాయి. ఎండ పడని గదిలో నీలం ఛాయ వేస్తే గోడలు వెలవెలబోతాయి. దవాఖాన అన్న మాట అక్కడ నిజమే. అలాంటి గదికి గోధుమ ఛాయ వేయండి.

షేడ్ కార్డునూ ఫోన్లో ఫొటోనూ నమ్మొద్దు. మనం నేతగాళ్ళ బిడ్డలం. బట్ట రంగు తేల్చాలంటే వెలుతురులోకి తెచ్చి చూసే జాతి మనది. గోడకూ అదే పద్ధతి. రెండడుగుల మేర రెండు మూడు షేడ్‌లు పూయించి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ట్యూబ్‌లైటు కింద చూడండి. ముదురు గ్రే మీద అంత మోజుంటే టీవీ వెనక గోడ ఒక్కదానికి వేసుకోండి, ఎవరూ కాదనరు.

కమిటీకి నా విన్నపం ఒకటే. రేటు కలిసి మాట్లాడండి, షేడ్ మాత్రం ఏ ఇంటికి ఆ ఇల్లు చూసుకోనివ్వండి. చుట్టాలు వచ్చి అరగంట కూర్చుని, "రిచ్‌గా ఉంది" అని పోతారు. రోజంతా ఆ గోడల మధ్య ఉండేది మన అవ్వ. ముందు ఆమెను అడగండి.