పెట్ట పొదగనంటే

ఉప్పల్, నాచారం వైపు పెరట్లో నాటుకోళ్లు పెంచే అక్కయ్యలూ, పెట్ట పొదగనంటే దిగులెందుకు? థర్మాకోల్ పెట్టె, బల్బు, థర్మోస్టాట్, చిన్న ఫ్యాను, నీళ్ల గిన్నె చాలు. కొట్లో కొన్న ఫారం గుడ్లు మాత్రం పెట్టకండి. పుంజు తోడులేని గుడ్డు పిల్ల కాదు.

వేడి 37.5 డిగ్రీలుండాలి. మే నెలలో రేకుల ఇంట్లో బల్బు ఆరినా పెట్టె చల్లబడదు, సంక్రాంతి వెళ్లగానే మొదలుపెట్టండి. 18 రోజులు రోజుకు మూడుసార్లు గుడ్లు తిప్పి, ఆపై కదపకండి, తేమ పెంచండి. ఏడోరోజు చీకట్లో టార్చి వేస్తే ఎర్రటి నరాలు కనబడాలి. లేనివి తీసేయండి, కుళ్లి పగిలితే ఆ కంపు భరించలేం! కరెంటు పోతే మూత తీయకుండా దుప్పటి కప్పండి.

21వ రోజు పెంకు పొడిచే పిల్లకు సాయమని గోటితో ఒలవొద్దు. లోపలి పొరలో ఇంకా నెత్తురుంటుంది, కారిపోతే పిల్ల దక్కదు. ఒకరోజు ఆగండి.