క్వాంటం వ్యాలీలో మన వాటా ఎంత?

అమరావతిలో క్వాంటం వ్యాలీ వస్తున్నదని 2025 నుంచి వింటున్నాం. ఆ ఏడాది మే నెలలో ఐ.బి.ఎం., టి.సి.ఎస్., ఎల్ అండ్ టి సంస్థలు రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి అక్కడ 156 క్యూబిట్ల యంత్రాన్ని నెలకొల్పుతామని ప్రకటించాయి. సంతోషమే. అయితే ఒప్పందం అనగానే రైతు ఇంట్లో పుట్టినవాడు ముందుగా అడిగేది ఒకటుంది: పంటలో వాటా ఎంత, విత్తనం ఎవరి దగ్గర ఉంటుంది?

పరిశ్రమతో చేయి కలిపే భాగ్యం ఎప్పుడూ పెద్ద విద్యాసంస్థలదే. మనబోటి డిగ్రీ కాలేజీకి దక్కితే గిక్కితే ఇంటర్నెట్ ద్వారా కొన్ని గంటల యంత్ర సమయం దక్కుతుంది. గంటల లెక్కన ట్రాక్టరు అద్దెకు తెచ్చుకోవడంలాంటిదే అది. దుక్కి అయితే అవుతుంది గాని, ట్రాక్టరు విప్పి బిగించడం మనకు రాదు.

అసలు ఆ యంత్రంలో ఏముంది? సిలికాన్ పలక మీద అతివాహక లోహంతో గీసిన సర్క్యూట్లు. పరమశూన్య ఉష్ణోగ్రతకు డిగ్రీలో వందోవంతు దూరం వరకూ వాటిని చల్లార్చాలి. అందుకు హీలియం-3, హీలియం-4 మిశ్రమంతో నడిచే శీతల యంత్రం, వ్యాక్యూమ్ పంపులు, మైక్రోవేవ్ పరికరాలు కావాలి. అంటే ప్రోగ్రాము రాసేవాళ్ళతో పాటు లీకు పట్టేవాళ్ళూ, టంకం వేసేవాళ్ళూ కావాలన్నమాట. బి.ఎస్సీ. వాళ్ళకు ఇదేమీ అందని విద్య కాదు. కాని మా ల్యాబులో ఆరు ఆసిలోస్కోపులుంటే పనిచేసేవి రెండే! మిగతావాటిని విప్పి చూసే నాథుడు లేడు.

ఇలాంటి విద్య మన నేలకు రావడం కొత్త కూడా కాదు. 1967లో హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. వెలిసినప్పుడు, ట్రాంబే ప్రయోగశాలలో స్వయంగా పరికరాలు చేసి చేయితిరిగిన వాళ్ళే దానికి విత్తనమయ్యారు. వారిని నడిపించిన డాక్టర్ ఎ.ఎస్.రావు గారు తెలుగువారే. ట్రాంబేలో రూపుదిద్దుకున్న టి.డి.సి.-12 కంప్యూటరు ఆ ఫ్యాక్టరీలో తయారైంది. ప్రయోగశాలకూ పరిశ్రమకూ పొత్తంటే నా దృష్టిలో అదీ.

రాజధాని కోసం 2015లో 29 గ్రామాల రైతులు 33 వేల ఎకరాలకు పైగా భూమి ఇచ్చారు. వాళ్ళ పిల్లలు ఆ వ్యాలీ గేటు దగ్గర కాపలా కాయడానికేనా?

అందుకని ఒప్పందంలోనే ఒక షరతు రాయించాలి. ప్రతి కంపెనీ ఏటా వేసవిలో రెండు నెలలు జిల్లా కాలేజీల నుంచి కొందరు విద్యార్థులనూ, ఒక లెక్చరర్‌నూ, మరిచిపోకుండా ల్యాబు అటెండరునూ పిలిచి, యంత్రం దగ్గర నిలబెట్టి పని నేర్పాలి. మన విద్యార్థి సంఘం ఈ అర్జీని ప్రిన్సిపాల్ గారి ద్వారా ప్రభుత్వానికి పంపితే, చిత్తుప్రతి రాసే పని నాది.