వద్దన్నవాళ్ళ పేరు మీద

2023 ఆగస్టు 7న అల్వాల్‌లో గద్దర్ అంత్యక్రియలు జరిగాయి. మర్నాడు, ఆగస్టు 8న, ఐర్లాండ్‌లో డబ్లిన్ దగ్గరున్న బ్రే అనే సముద్రపొడ్డు ఊళ్ళో షినేడ్ ఓకానర్‌ని సాగనంపారు. ఇక్కడ అధికార లాంఛనాలు, అక్కడ స్వయంగా దేశాధ్యక్షుడు. బతికున్నన్నాళ్ళూ ఇద్దరూ పెద్దలకు పక్కలో బల్లేలే. పోయాక ఇద్దరూ జాతి ముద్దుబిడ్డలు. నా పేచీ ఈ ముద్దుతోనే.

షినేడ్ అంటే మనలో చాలామందికి ఒక్క వీడియో. గుండు, నల్ల బట్టలు, చెంప మీద జారే కన్నీళ్ళు. ఆ పాట ప్రిన్స్ రాసింది. దాంతో ఆమె ప్రపంచమంతా తెలిసిపోయింది. 1991లో గ్రామీ ఇస్తామంటే, సంగీతాన్ని డబ్బుతో కొలిచే చోట నాకేం పని అని వద్దంది. 1992 అక్టోబర్ 3న అమెరికా టీవీలో, లైవ్‌లో, వాయిద్యాలేవీ లేకుండా బాబ్ మార్లీ పాట పాడి, చివర్లో పోప్ ఫోటో చించేసింది. పిల్లల మీద జరిగిన అఘాయిత్యాలను చర్చి కప్పిపుచ్చుతోందన్నది ఆమె కోపం. రెండు వారాలు తిరక్కముందే న్యూయార్క్‌లో, బాబ్ డిలన్ కోసం పెట్టిన కచేరీలో, ఆమె నోరు తెరవకముందే గోల చేశారు. 2009లో ఐర్లాండ్‌లో విచారణ నివేదికలు వచ్చాయి. ఆమె అన్నది నిజమేనని తేలడానికి పదిహేడేళ్ళు పట్టింది. ఈలోగా ఆమెకు దక్కిన బిరుదు "పిచ్చిది".

2024 ఫిబ్రవరి 4న గ్రామీ వాళ్ళు ఆమెకు నివాళి ఇచ్చారు. ఆనీ లెనాక్స్ పియానో ముందు కూర్చుని అదే ప్రిన్స్ పాట పాడింది. చాలా బాగా పాడింది కూడా. కానీ ఎవరి వేదిక అది? మీ అవార్డు నాకొద్దు అని ఆమె ఎవరితో అందో వాళ్ళదే.

సరిగ్గా దానికి నాలుగు రోజుల ముందు, జనవరి 31న, గద్దర్ జయంతి సభలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఒక ప్రకటన చేశారు. ఇకనుంచి నంది అవార్డుల స్థానంలో గద్దర్ అవార్డులు. చప్పట్లు మోగాయి. "ఒరేయ్ రిక్షా" సినిమాలో రాసిన పాటకు నంది అవార్డు వస్తే తిప్పికొట్టినవాడు గద్దర్. అంటే, ఒక మనిషి వద్దన్న అవార్డుకి ఆ మనిషి పేరే పెట్టాం. పాడడానికి వాడుకోలేకపోయిన గొంతుని పిలవడానికి వాడుకుంటున్నాం.

2025 జూన్ 14న హైటెక్స్‌లో మొదటి గద్దర్ ఫిల్మ్ అవార్డులు ఇచ్చారు. ఉత్తమ నటుడు "పుష్ప 2"కి అల్లు అర్జున్. నటుడి మీద నాకే కోపమూ లేదు, తన పని తను చేశాడు. కానీ గొంగడి, గోచీ, కాలికి గజ్జెలు, చేతిలో కర్ర పట్టుకున్న మనిషి పేరు మీద ఎర్రచందనం స్మగ్లర్ పాత్రకి బహుమతి ఇస్తుంటే ఆ హాల్లో ఒక్కరికైనా నవ్వు రాలేదా?

ఇక్కడ ఒక మాట అంటారని తెలుసు. గద్దర్ చివర్లో మారాడు కదా, 2018లో మొదటిసారి ఓటేశాడు కదా, 2023లో పార్టీ కూడా పెట్టాడు కదా, బతికుంటే ఆయనే వచ్చి అవార్డులు పంచేవాడేమో! ఏమో, పంచేవాడేమో. కానీ ఆ మాట ఆయన నోటితో అనాలి. 1997 ఏప్రిల్ 6న ఇంట్లోకి చొరబడి కాల్చిన తూటాల్లో ఒకటి చివరిదాకా వెన్నులోనే ఉండిపోయింది. ఆ కాల్పుల కేసు ఏమైందో అడక్కుండా ఆయన పేరు మీద ఎన్ని అవార్డులైనా ఇవ్వొచ్చు. అందుకే అవార్డులు సులువు.

ఇందులో ఒక ప్రభుత్వాన్ని అని ఇంకో ప్రభుత్వాన్ని వదిలేస్తే అన్యాయం. తెలంగాణ వచ్చాక ధూంధాం కళాకారులను సాంస్కృతిక సారథిలోకి తీసుకున్నారు. 550 మందికి జీతాలు. కళాకారుడి ఇంట్లో పొయ్యి వెలగడం మంచిదే, దాన్ని వెక్కిరించేవాళ్ళంటే నాకు పడదు. కానీ జీతంతో పాటు పాట కూడా వచ్చింది. చెరువుల పథకం మీద పాట, మొక్కల పథకం మీద పాట. ఉద్యమంలో జనాన్ని ఊపేసిన సాయిచంద్‌ని గిడ్డంగుల సంస్థకి ఛైర్మన్‌ని చేశారు. 39 ఏళ్ళకే, 2023 జూన్ 29న, గుండెపోటుతో పోయాడు. గాయకుడికీ గోదాములకీ ఏంటి సంబంధం? పదవి గౌరవమే అయితే, పాటకు సంబంధించిన పదవి ఒక్కటీ దొరకలేదా?

మా బాలాపూర్ సంగతి చెప్తాను. ఇక్కడ పాట అంటే రెండు అర్థాలు. నిమజ్జనం రోజు పొద్దున్నే గణేశుడి లడ్డూకి వేలంపాట జరుగుతుంది. 1994లో మొదటి పాట 450 రూపాయలు. 2025లో 35 లక్షలు. మధ్యలో ఏ ఏడు ఎంత పలికింది, ఎవరు దక్కించుకున్నారు, అన్నీ రాసి ఉన్నాయి. ఏటా పేపర్లు ఆ పట్టిక వేస్తాయి. ఆ తర్వాత ఊరేగింపు కదులుతుంది, డీజే బండ్లు మొదలవుతాయి. వాటిలో వచ్చేవి సగం మన పల్లె బాణీలే. ఎవరు కట్టారు, ఎవరు మొదట పాడారు అని అడగండి. "ఫోక్ సాంగ్ అన్నా" అంటారు. లడ్డూ పాటకి ముప్పై ఏళ్ళ లెక్కుంది. గొంతు పాటకి పేరు కూడా లేదు.

పేరు పోవడం అంటే ఎలా పోతుందో ఒక ఉదాహరణ. "మాభూమి"లో గద్దర్ తెర మీద కనబడి పాడిన ఆ బండి పాట అందరికీ తెలుసు. రాసింది గద్దరే అనుకునేవాళ్ళు ఇప్పటికీ బోలెడుమంది. అది సాయుధ పోరాట కాలపు బండి యాదగిరి పాట. గద్దర్ పేరు వెలిగినకొద్దీ యాదగిరి పేరు మసకబారింది. గద్దర్ అడిగింది కాదు ఇది, మనం చేసింది.

ఐర్లాండ్‌ని నెత్తిన పెట్టుకోమనడం లేదు, షినేడ్‌ని ఏం చేశారో చెప్పాను కదా. కానీ ఈ విషయంలో వాళ్ళు మనకన్నా నయం. బీదరికంలో ఉన్న కొత్త దేశం, 1935లోనే జానపద సేకరణకి ఒక కమిషన్ వేసుకుంది. మనుషులు మైనపు గొట్టాల మీద రికార్డు చేసే యంత్రాలు పట్టుకుని సైకిళ్ళ మీద ఊళ్ళు తిరిగారు. 1937 నుంచి 1939 దాకా దాదాపు 5,000 బడుల పిల్లలు ఇళ్ళల్లో పెద్దల దగ్గర కూర్చుని కథలు, సామెతలు, పాటలు రాసుకొచ్చారు. 1987లో డబ్లిన్‌లో సంప్రదాయ సంగీతానికి విడిగా ఆర్కైవ్ పెట్టారు. మన దగ్గర? బిరుదురాజు రామరాజు, జయధీర్ తిరుమలరావు లాంటి ఒక్కో మనిషి ఒక్కో కమిషన్ చెయ్యాల్సిన పని నెత్తికెత్తుకున్నారు.

1999 మే నెలలో భువనగిరిలో బెల్లి లలితని చంపి పదిహేడు ముక్కలు చేశారు. ఆ పదిహేడు అంకె అందరికీ గుర్తుంది, ప్రతి సభలో చెప్తారు. ఆమె ఏం పాడింది? ఏ రాగంలో ఎత్తుకునేది, కోరస్ ఎక్కడ అందుకునేది? ఆమె గొంతు వినాలనుకునే పద్దెనిమిదేళ్ళ పిల్లని ఏ ఆఫీసుకి పంపాలి? ఇది ఫలానా సభలో, ఫలానా తేదీన ఆమె పాడింది అని చీటీ రాసి పెట్టిన బీరువా ఏ భవనంలో ఉంది? చంపినవాళ్ళకి కావాల్సింది ఆ గొంతు వినబడకపోవడమే. శవం లెక్క మాత్రమే గుర్తుపెట్టుకుని మనమూ అదే పని పూర్తిచేస్తున్నాం.

అందెశ్రీ 2025 నవంబర్ 10న పోయారు. పశువులు కాసి, తాపీ పని చేసి, బడి ముఖం చూడకుండానే రాష్ట్రగీతం ఇచ్చిన మనిషి. ఆయన పేరున కూడా ఏదో ఒక అవార్డు వస్తుంది, నాకేం అనుమానం లేదు. ఆ ఫైలు కదిలేలోపు సాంస్కృతిక శాఖ వాళ్ళు ఇద్దరు మనుషుల్ని, ఒక మంచి మైకుని బండెక్కించి పంపాలి. ఆయనతో కలిసి ఊళ్ళు తిరిగి పాడినవాళ్ళు, లలిత పక్కన కోరస్ అందుకున్నవాళ్ళు ఎక్కడున్నారో వెతకాలి. అరవైలు దాటుతున్నవాళ్ళు వాళ్ళలో చాలామందే ఉంటారు.